క్లాఫూతీలో నీరు ఎక్కడ ఉంటుంది?

ఫ్రాన్స్ పటం మధ్యలో, కాస్త పడమరకు జరిగి, లిమూజాన్ అనే ప్రాంతం ఉంది. పరిపాలన లెక్కల్లో అది 2016 నుంచి నూవెల్-అకితేన్ అనే పెద్ద ప్రాంతంలో కలిసిపోయింది గానీ, పాత పేరు జనం నోట అలాగే నిలిచింది. గ్రానైట్ నేల, తరచూ పడే వానలు, చెస్ట్‌నట్ తోపులు, ఎర్రటి పశువుల మందలు. రాజుల వంటశాలల పేరు చెప్పుకునే చోటు కాదది. రైతుల ఇళ్ల వంటే అక్కడి వంట. ఎండాకాలం మొదట్లో పెరటి చెట్ల మీద నల్ల చెర్రీపళ్లు ముదురుతాయి. వాటితో ఆ ఇళ్లలో చేసే తీపి వంటకమే క్లాఫూతీ.

చేసే పద్ధతి నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. వెన్న రాసిన పింగాణీ పళ్లెంలో అరకిలో చెర్రీపళ్లు గింజలు తీయకుండానే ఒత్తుగా పరుస్తారు. మూడు గుడ్లు, 100 గ్రాముల పంచదార, 80 గ్రాముల మైదా, 300 మిల్లీలీటర్ల పాలు, కరిగించిన వెన్న కొద్దిగా, చిటికెడు ఉప్పు తీసుకుని గరిటజారుగా కలిపి పళ్ల మీద పోస్తారు. 180 డిగ్రీల ఓవెన్‌లో సుమారు నలభై నిమిషాలు ఉంచుతారు. ఈస్ట్ లేదు, బేకింగ్ పౌడర్ లేదు, అడుగున రొట్టెలాంటి పొరా లేదు. కొలతలు ఇంటింటికీ కొంత మారతాయి. ఈ అధ్యాయంలోని లెక్కలన్నీ నేను పైన చెప్పిన కొలతల మీదే.

ముందుగా నీటి లెక్క చూద్దాం. చెర్రీపండు బరువులో నూటికి దాదాపు 82 పాళ్లు నీరే. అంటే అరకిలో పళ్లలో 410 గ్రాముల నీరు ఉందన్నమాట. పాలలో 260 గ్రాములు, మూడు గుడ్లలో 110 గ్రాముల పైచిలుకు. మైదాలో, వెన్నలో ఉన్న కాస్తా కలిపితే మొత్తం 800 గ్రాముల దగ్గర తేలుతుంది. ఓవెన్‌లో కొంత ఆవిరైపోయినా చాలా భాగం లోపలే మిగులుతుంది. అయినా చల్లారాక కత్తితో కోస్తే ముక్క ముక్కగానే వస్తుంది, పళ్లెం వంచినా నీరు కారదు. ఇంత నీటిని ఆపుతున్న సరుకు ఎంత? గుడ్లలోని ప్రొటీన్ 20 గ్రాములకు లోపే. పాలలో పది గ్రాములుంది గానీ అందులో ఎక్కువ భాగం ఈ పనికి రాదు. మైదాలోని పిండిపదార్థం 60 గ్రాములు కూడా ఉండదు. ఈ కొద్దిపాటి సరుకు అంత నీటిని ఎలా పట్టి ఉంచుతోందో అర్థమైతే, ఈ వంటకంలో పెద్దలు పెట్టిన ప్రతి పద్ధతికీ కారణం తెలుస్తుంది. మైదా ఎందుకు, గింజ ఎందుకు, పళ్లెం ఎందుకంత లోతు తక్కువ అని అడిగితే, నా దృష్టిలో మూడింటికీ జవాబు నీరే.

గుడ్డుతో మొదలుపెడదాం. తెల్లసొనలో ప్రొటీన్ అణువులు పొడవాటి గొలుసులు. పచ్చిగా ఉన్నప్పుడు ఒక్కో గొలుసూ తనలో తాను ముడుచుకుని ఉంటుంది. వేడి తగిలితే ముడుతలు విప్పుకుంటాయి. విప్పుకున్న గొలుసులు ఒకదానికొకటి అక్కడక్కడ అతుక్కుని వలలా అల్లుకుంటాయి. ఆ వల కళ్లలో నీరు చిక్కుకుపోతుంది. పారే ద్రవం కదలని ముద్దగా మారడం అంటే ఇదే. అన్ని ప్రొటీన్లూ ఒకే వేడికి విప్పుకోవు. తెల్లసొనలో ఒవోట్రాన్స్‌ఫెరిన్ అనేది 60 డిగ్రీలు దాటగానే కదులుతుంది. సగానికి పైగా ఉండే ఒవాల్బుమిన్ 80 డిగ్రీలదాకా నిబ్బరంగా ఉంటుంది.

తెలుగువాళ్లకు ఇది చూడని సంగతి కాదు. ఈనిన గేదె మొదటి జున్నుపాలలో బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద పెడితే పాలు పేరుకుని ముక్కలుగా కోసేంత గట్టి జున్నవుతుంది. అందులో గుడ్డు లేదు, పిండి లేదు, తోడు లేదు. మామూలు పాలను ఎంతసేపు కాచినా అలా పేరుకోవు, ఎందుకంటే వాటిలోని ప్రొటీన్‌లో ఎక్కువ భాగం కేసీన్, అది మరుగుతున్నా చలించదు. ఇందాక పాల ప్రొటీన్‌లో ఎక్కువ భాగం ఈ పనికి రాదన్నది అందుకే. జున్నుపాలలో మాత్రం దూడకు రోగనిరోధక శక్తినిచ్చే ఇమ్యునోగ్లోబులిన్లు దండిగా ఉంటాయి. అవి వేడికి విప్పుకుని వల అల్లుతాయి. క్లాఫూతీలో గుడ్డు చేసేదీ ఆ పనే. రెండుచోట్లా వేడి, ప్రొటీన్, నీరు – ఇవే పాత్రధారులు.

అయితే క్లాఫూతీలో గుడ్డుకు కష్టం ఎక్కువ. పాలు పోస్తే ప్రొటీన్ గొలుసులు పలచబడి ఒకదానికొకటి దూరమవుతాయి. పంచదార కలిపితే ప్రతి గొలుసు చుట్టూ వేలకొద్దీ చక్కెర అణువులు చేరతాయి. ఆ గొలుసులు కలుసుకుని అల్లుకోవాలంటే ఇంకా వేడి కావాలి. ఉత్త గుడ్డు 70 డిగ్రీల చుట్టుపక్కల గట్టిపడితే, పాలూ పంచదారా కలిసిన గుడ్డు 80 డిగ్రీల దాకా ఆగుతుంది.

పాలు ఇక్కడ నీటికి మారుపేరు మాత్రం కాదు. గుడ్డులో పాలకు బదులు అంతే నీళ్లు కలిపి వేడిచేసి చూడండి. అది నున్నగా పేరుకోదు. నీళ్లలో గుడ్డు తరకలు తేలుతూ కనిపిస్తాయి. అందులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చేస్తే పేరుకుంటుంది. గుడ్డు ప్రొటీన్ల మీద చాలావరకు రుణావేశం ఉంటుంది. ఒకే ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. పాలలోని కాల్షియం వంటి లవణాల ధనావేశం ఆ తోపులాటను చల్లారుస్తుంది. అప్పుడే గొలుసులు దగ్గరకు రాగలుగుతాయి. కస్టర్డ్ అనే వంటకం ఖనిజ లవణాల మీద ఇంతగా ఆధారపడి ఉందనేది నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. పదార్థాల జాబితాలో చివర ఉండే చిటికెడు ఉప్పును రుచి కోసమే అనుకుంటాం గానీ దానికి ఈ పని కూడా ఉంది.

ఇప్పుడు ప్రమాదం. వల అల్లుకున్నాక కూడా వేడి పెరుగుతూ పోతే గొలుసులు ఇంకా ఇంకా బిగుసుకుంటాయి. కళ్లు చిన్నవై లోపలి నీరు బయటికి పిండుకుపోతుంది. గుడ్డూ పాలూ మాత్రమే ఉన్న కస్టర్డ్‌లో నున్నగా పేరుకోవడానికీ, విరిగి నీరు ఊరడానికీ మధ్య తేడా అయిదారు డిగ్రీలే. క్రీమ్ క్యారమెల్ చేసేవాళ్లు గిన్నెను వేడినీళ్ల పళ్లెంలో కూర్చోబెట్టి ఓవెన్‌లో పెట్టడం అందుకే. నీళ్లు 100 దాటవు, పైగా ఆవిరవుతూ ఇంకా తక్కువలో ఉంటాయి.

లిమూజాన్ పల్లె వంటలో ఆ నీళ్ల పళ్లెం ఏర్పాటు లేదు. దాని బదులు గుప్పెడు మైదా ఉంది. నాకు ఈ వంటకంలో అన్నిటికంటే నచ్చిన తెలివి ఇది. గోధుమ పిండిపదార్థం చిన్న చిన్న రేణువులుగా ఉంటుంది. 60 డిగ్రీల చుట్టుపక్కల నుంచి అవి నీరు తాగి ఉబ్బడం మొదలుపెడతాయి. ఇంకా వేడెక్కితే వాటిలోంచి అమైలోజ్ అనే పొడవాటి అణువులు బయటికి జారి, గుడ్డు ప్రొటీన్ గొలుసుల మధ్య దూరతాయి. వాటి అడ్డంతో గొలుసులు మరీ బిగుసుకోలేవు. అటు నీరూ కొంత రేణువుల్లో ఇంకిపోయి ఉంటుంది. మైదా కలిసిన కస్టర్డ్ మరిగే వేడిని తట్టుకోవడానికి ఇదే కారణం. కట్టెల పొయ్యి ఓవెన్‌లో డిగ్రీలు ఎవరు కొలుస్తారు? మైదా ఉంటే అయిదు డిగ్రీల తప్పు పట్టించుకోనక్కర్లేదు.

మన ఇళ్లలో కస్టర్డ్ అంటే డబ్బాలో దొరికే పసుపుపచ్చని పొడి. 1837లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, గుడ్లు పడని తన భార్య కోసం దాన్ని కనిపెట్టాడు. అందులో గుడ్డే లేదు, పనంతా మొక్కజొన్న పిండిదే. కేవలం పిండి మీద నిలబడిన కస్టర్డ్ అది. క్రీమ్ క్యారమెల్ కేవలం గుడ్డు మీద నిలబడుతుంది. క్లాఫూతీ ఈ రెంటి నడుమ ఉంటుంది, అందుకే దాని ముక్క అటు పుడ్డింగ్‌లా జారదు, ఇటు కేక్‌లా పొడిపొడిగానూ ఉండదు. మైదా ఎక్కువైతే మాత్రం రబ్బరులా సాగుతుంది. గోధుమలోని గ్లూటెన్ నీటితో కలిసి, గిలక్కొట్టినకొద్దీ బిగుస్తుంది. అందుకే మైదా వేశాక ఉండలు పోయేదాకా కలిపి ఆపేయాలి. ఆ పిండిని అరగంట నాననిస్తే బిగువు సడలుతుంది, రేణువులు లోపలిదాకా తడుస్తాయి.

ఇక గింజ. క్లాఫూతీ గురించి ఫ్రాన్స్‌లో ఎప్పుడూ తెగని వాదం ఇదే. గింజ తీయకూడదనేది లిమూజాన్ వాళ్ల మాట. గింజలోంచి బాదం లాంటి సువాసన వస్తుందని వాళ్లు చెప్పే కారణం. ఈ నమ్మకం వెనుక నిజమైన రసాయన శాస్త్రం ఉంది, కానీ అది వాళ్లు చెప్పినంత సూటిగా లేదు.

చెర్రీ గింజ పగలగొడితే లోపల చిన్న పప్పు ఉంటుంది. చేదు బాదంలో ఉన్నట్టే అందులోనూ అమిగ్డలిన్ అనే పదార్థం ఉంది. 1830లో పియర్ రొబికే, అంత్వాన్ బూత్రాన్-షార్లార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు దాన్ని చేదు బాదం నుంచి వేరుచేశారు. నల్లమందు నుంచి కోడీన్‌ను మొదట తీసినవాడూ ఈ రొబికేనే. 1837లో జర్మనీకి చెందిన వోలర్, లీబిగ్ ఇంకో అడుగు వేశారు. అదే బాదంలో ఉన్న ఎమల్సిన్ అనే పదార్థం తగిలితే అమిగ్డలిన్ విడిపోతుందని చూపించారు. ఎంజైమ్‌ల చరిత్రలో అది తొలి పేజీల్లోది. విడిపోయినప్పుడు వచ్చేవి మూడు. ఒకటి గ్లూకోజ్. రెండోది బెంజాల్డిహైడ్, బాదం సువాసన దానిదే. మూడోది హైడ్రోజన్ సయనైడ్, కటిక విషం.

పప్పు చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు అమిగ్డలిన్, ఎంజైమ్ వేర్వేరు అరల్లో ఉంటాయి. నమిలినా దంచినా అరలు పగిలి రెండూ కలుస్తాయి. పురుగులూ జంతువులూ విత్తనాన్ని తినకుండా చెట్టు పెట్టుకున్న కాపలా అది. క్లాఫూతీలో గింజ పగలదు. పైగా ఓవెన్ వేడికి ఎంజైమ్ కాసేపట్లోనే పనిచేయడం మానేస్తుంది. కాబట్టి పగలని గింజ నుంచి విషం వస్తుందన్న భయం అక్కర్లేదు. అయితే అదే తర్కంతో చూస్తే సువాసన కూడా గింజలోంచి పెద్దగా రాకూడదు కదా! బాదం వాసనకు మూలమైన బెంజాల్డిహైడ్ చెర్రీ గుజ్జులోనూ సహజంగా ఉంటుంది. ముక్కుకు తగిలే పరిమళంలో ఎక్కువ వాటా గుజ్జుదేనని నా అభిప్రాయం.

మరి గింజ దండగేనా? కాదు. గింజ తీయాలంటే పండును చీల్చాలి. చీలిన పండుకు రసం బయటికి పోయే దారి దొరుకుతుంది. పైగా పిండిలోని పంచదార ఆ రసాన్ని బయటికి లాగుతుంది. ఇందాకటి లెక్కలో సగానికి పైగా నీరు పళ్లలోనే ఉందని చూశాం. ఆ 410 గ్రాములు తొక్కల లోపల ఉన్నంతసేపు గుడ్డు మీద భారం లేదు. గింజ తీసేస్తే అందులో కొంత కస్టర్డ్‌లోకి దిగుతుంది. ఇరవై గ్రాముల ప్రొటీన్ మోయాల్సిన బరువు ఒక్కసారిగా పెరుగుతుంది. పండు చుట్టూ తడితడిగా, పచ్చిగా మిగిలిపోయే వలయం అలా వచ్చిందే. పెద్దలు చెప్పిన కారణం కన్నా వాళ్లు పాటించిన పద్ధతే శాస్త్రానికి దగ్గరగా ఉంది. గింజ తీసే వండాలనుకునేవాళ్లు మైదా ఓ చెంచా పెంచాలి, లేదా ముందుగా రసాన్ని ఊరనిచ్చి ఆ రసాన్ని పాల కొలతలో కలుపుకోవాలి.

రసం కారినచోట రంగు కూడా మారుతుంది, గమనించండి. చెర్రీ ఎరుపు ఆంథోసయనిన్లది. పుల్లని పరిసరాల్లో అవి ఎర్రగా ఉంటాయి, పులుపు తగ్గితే ఊదాకూ నీలానికీ తిరుగుతాయి. చెర్రీ రసం పుల్లన, పాలు దాదాపు తటస్థం, నిలవ గుడ్డు తెల్లసొన క్షారం. అందుకే కోసిన ముక్కలో పండు ఎర్రగానే ఉండి దాని చుట్టూ సన్నటి ఊదా అంచు కనిపిస్తుంది. ఎవరైనా బాగా పొంగాలని వంటసోడా వేస్తే ఆ అంచు నీలి-ఆకుపచ్చగా మారి బూజు పట్టిందేమో అనిపిస్తుంది.

ఇది ఒక కాలానికే చెందిన వంటకం కావడానికి చెర్రీ స్వభావమే కారణం. మామిడి, అరటి, ఆపిల్ కోశాక కూడా ముగ్గుతాయి. వాటిలో ఇథిలీన్ వాయువు ఉప్పెనలా పుట్టి పండే పనిని ముగిస్తుంది. చెర్రీలో ఆ ఉప్పెన లేదు. కోసిన రోజు ఎంత తీపి ఉందో అంతే, గడ్డిలో పెట్టినా పెరగదు. చెట్టు మీదే పండాలి, పండిన కొద్ది రోజుల్లో తినాలి. చెట్టుకు చలికాలంలో వందల గంటల చలి తగలకపోతే సరిగా పూయదు. తెలుగు నేల మైదానాల్లో అది కాయకపోవడానికి ఇదే కారణం. మన దేశంలో కశ్మీర్, హిమాచల్ ప్రదేశ్ కొండల్లో మే నెల నుంచి జూలై దాకా కాస్తుంది. కశ్మీర్‌లో మిస్రీ అనే రకం గట్టిగా, తియ్యగా ఉండి ఈ పనికి బాగుంటుంది. కేకుల మీద పెట్టే ఎర్రటి పాకం చెర్రీ మాత్రం వద్దు. మన దగ్గర అది చాలాసార్లు రంగు వేసి పాకం పట్టిన వాక్కాయే.

చెర్రీ కాలం దాటాక అదే పిండిని ప్లమ్ పళ్ల మీద, తర్వాత బేరిపళ్ల మీద, ఆపిల్ ముక్కల మీద పోస్తారు. పట్టింపు ఉన్నవాళ్లు దాన్ని క్లాఫూతీ అననివ్వరు, ఫ్లొన్యార్ద్ అంటారు. సముద్ర తీరాన బ్రిటనీలో ఎండు ప్లమ్ పళ్లతో చేసే ఫార్ ఇలాంటిదే, ఇంకా చిక్కగా ఉంటుంది. అసలు వేయకూడని పళ్లూ ఉన్నాయి. పచ్చి అనాస, బొప్పాయి, కివీలలో ప్రొటీన్లను ముక్కలు చేసే ఎంజైమ్‌లు ఉంటాయి. హైదరాబాదు వంటవాళ్లు మాంసం మెత్తబడాలని పచ్చి బొప్పాయి ముద్ద పట్టించేది ఈ గుణం కోసమే. బొప్పాయిలోని పపైన్ 60 డిగ్రీలు దాటినా చురుగ్గానే ఉంటుంది. అంటే గుడ్డు వల అల్లుకోబోయే వేళకే అది గొలుసులను తెంపుతూ ఉంటుంది. అనాస వేయాలనిపిస్తే ముందు ముక్కలను ఉడికించి ఎంజైమ్‌ను చంపాలి.

పళ్లెం సంగతి చెప్పి ఓవెన్‌లోకి వెళదాం. లిమూజాన్‌లో సెంట్-ఇరియే ఊరి దగ్గర 1760లలో కేయోలిన్ అనే తెల్లమట్టి దొరికింది. లిమోజ్ పింగాణీ లోకమంతటా పేరు తెచ్చుకుంది ఆ మట్టితోనే. పింగాణీ, కాల్చిన మట్టి లోహంలా వేడిని గబగబా లాక్కోవు. అంచులు గట్టిపడి విరిగేలోపు నడిమి భాగానికీ వేడి చేరుతుంది. పళ్లెం వెడల్పు 26 సెంటీమీటర్లైతే మన కొలతలకు లోతు రెండు సెంటీమీటర్లు. ఇది మార్చకూడదు. వేడి లోపలికి చేరే సమయం లోతు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లోతు రెట్టింపు చేస్తే నడిమి భాగం ఉడకడానికి నాలుగింతలు పట్టొచ్చు. ఈలోగా అంచులు నీరు వదిలేస్తాయి.

ఓవెన్ గాలి 180 డిగ్రీలున్నా కస్టర్డ్ లోపల నీరు ఉన్నంతసేపు 100 దాటదు. పై పొర మాత్రం ఎండిపోయి 140 దాటుతుంది. అక్కడ చక్కెరలూ ప్రొటీన్లూ కలిసి గోధుమరంగు, కమ్మటి వాసన పుడతాయి. ఈ చర్యను 1912లో వివరించిన లూయీ కామీ మయార్ కూడా ఫ్రెంచివాడే, లొరేన్ ప్రాంతం వాడు. పాల లాక్టోజ్ ఈ చర్యలో పాల్గొంటుంది, మామూలు పంచదార విడిపోతే గానీ పాల్గొనదు. అందుకే పాలు లేని పిండి అంత ఎర్రగా కాలదు.

ఈలోగా పిండి అంచుల్లో ఉబ్బి పళ్లెం పైకి లేస్తుంది. ఒక గ్రాము నీరు ఆవిరైతే 1.7 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. కలిపేటప్పుడు చిక్కుకున్న గాలి బుడగల్లోకి ఈ ఆవిరి చేరి వాటిని పెంచుతుంది. బయటికి తీయగానే ఆవిరి తిరిగి నీరవుతుంది, గాలి కూడా 100 నుంచి 30 డిగ్రీలకు దిగేసరికి అయిదో వంతు కుంచించుకుపోతుంది. క్లాఫూతీ అణగిపోతుంది. చాలామంది ఏదో చెడిందని దిగులుపడతారు గానీ, అణగని క్లాఫూతీ ఉండదు.

అంచులు గట్టిపడి, పళ్లెం కదిపితే నడిమి అరచేయంత భాగం ఇంకా వణుకుతున్నప్పుడే తీసేయాలి. అంచుల్లోని వేడి లోపలికి ప్రయాణిస్తూ ఆ మిగిలిన భాగాన్ని బల్ల మీదే ఉడికిస్తుంది. వేడివేడిగా కోస్తే ముక్క చెదిరిపోతుంది, ఎందుకంటే పిండిపదార్థం చల్లారుతూ ఉండగానే బిగుసుకుంటుంది. గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి. ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి అమైలోజ్ మరీ బిగుసుకుని కస్టర్డ్ గట్టిపడుతుంది, పరిమళం కూడా చల్లదనంలో ముక్కుకు అందదు, కాబట్టి తినడానికి గంట ముందు బయట పెట్టాలి. గింజలు వేసుకోవడానికి బల్ల మీద ఒక గిన్నె ఉంచి, వాటిని కొరకవద్దని తినేవాళ్లకు ముందే చెప్పాలి. చిన్నపిల్లల ముక్కల్లోంచి గింజలు తీసేసి పెట్టాలి.